చర్చికి సైన్సంటే పడదా? పరిణామం పాఠం గురించి అడిగిన తమ్ముడికి జవాబు

తమ్ముడూ, వందనాలు.

మీ ప్రశ్న మూడుసార్లు చదివాను. పెరంబూరు వైపు ఒక సంఘం నడిపే మెట్రిక్యులేషన్ స్కూల్లో పదో తరగతికి సైన్స్ చెబుతున్నారు. జీవం పుట్టుక, పరిణామం పాఠం దగ్గరికి వచ్చేసరికి కరస్పాండెంట్ గారు "బుక్ బ్యాక్ క్వశ్చన్లు మార్క్ చేయించి వదిలేయండి, చాలు" అన్నారు. ఆదివారం మీ తెలుగు చర్చిలో పాస్టరు గారు, పరిణామాన్ని ఒప్పుకునేవాడు విశ్వాసి కానే కాడని ప్రసంగం చేశారు. ఇది చాలదన్నట్టు క్లాసులో ఒక కుర్రాడు లేచి "సార్, గెలీలియోని జైల్లో పెట్టింది మీ చర్చే కదా" అన్నాడు. క్రైస్తవం నిజంగా సైన్సుకి శత్రువా, నేనీ పాఠం చెప్పాలా మానాలా అని అడిగారు.

నేను గుంటూరు జిల్లా నుంచి పెళ్లయి మద్రాసు వచ్చినదాన్ని. ముప్పై రెండేళ్లు జువాలజీ చెప్పాను, మొదట స్కూల్లో, తర్వాత కాలేజీలో. అమ్మ ఒళ్లో కూర్చుని చర్చికి వెళ్లిన రోజుల నుంచి ఈ రోజు దాకా ఆరాధన మానలేదు. అందుకే మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

పాఠం చెప్పండి. పూర్తిగా చెప్పండి. ఎందుకు చెప్పమంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

111వ కీర్తన రెండో వచనం తీయండి. "యెహోవా క్రియలు గొప్పవి, వాటియందు ఇష్టముగలవారందరు వాటిని విచారించుదురు." మనం ఇంట్లో విచారం అంటే దిగులు అనుకుంటాం. ఇక్కడ విచారించడం అంటే ఆరా తీయడం, కూలంకషంగా వెతకడం. 1874లో కేంబ్రిడ్జిలో కావెండిష్ ప్రయోగశాల తెరిచినప్పుడు దాని తలుపు మీద ఈ వచనాన్నే లాటిన్‌లో చెక్కారు. అక్కడ మొదటి ప్రొఫెసర్ జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్, విద్యుత్తుకీ అయస్కాంతానికీ వెలుగుకీ ఉన్న చుట్టరికాన్ని సమీకరణాల్లో పెట్టినవాడు, గట్టి విశ్వాసి. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని పట్టుకున్నది ఆ ప్రయోగశాలలోనే. వెతకడం పాపమని మన గ్రంథం ఎక్కడా చెప్పలేదు. వెతికేవాళ్లకి దేవుని పనులంటే ఇష్టం ఉంటుందని చెప్పింది.

అలాంటప్పుడు గెలీలియో సంగతి ఏమిటి? ఆ కుర్రాడు అడిగింది న్యాయమైన ప్రశ్నే. దాన్ని తప్పించుకోకండి.

కోపర్నికస్ పోలండ్‌లో ఒక కథీడ్రల్‌కి చెందిన చర్చి అధికారి. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చెబుతూ 1543లో అచ్చయిన తన పుస్తకాన్ని పోపు మూడో పౌలుకే అంకితం ఇచ్చాడు. డెబ్బై ఏళ్ల దాకా దాన్ని ఎవరూ నిషేధించలేదు. గెలీలియో టెలిస్కోపు తిప్పి, శుక్రుడికీ చంద్రుడిలా కళలున్నాయనీ, గురుగ్రహం చుట్టూ నాలుగు చంద్రుళ్లు తిరుగుతున్నాయనీ చూపించాక గొడవ ముదిరింది. యెహోషువ గ్రంథం పదో అధ్యాయంలో "సూర్యుడా, నీవు గిబియోనులో నిలువుము" అని ఉంది కదా, సూర్యుడు తిరగకపోతే నిలవమనడం ఏమిటని ప్రశ్న వచ్చింది. 1616లో కోపర్నికస్ పుస్తకాన్ని దిద్దేదాకా చదవకూడదని ఆపేశారు. అదే ఏడాది గెలీలియోకి ఇచ్చినట్టుగా చర్చి రికార్డుల్లో ఉన్న ఆజ్ఞలో మూడు మాటలున్నాయి: ఈ సిద్ధాంతాన్ని నమ్మకూడదు, నేర్పకూడదు, సమర్థించకూడదు.  1632లో ఆయన ముగ్గురు మాట్లాడుకుంటున్నట్టు పుస్తకం రాస్తే, 1633 జూన్ 22న రోములో మోకాళ్ల మీద కూర్చోబెట్టి తప్పయిందని చెప్పించారు. జైలు గదిలో కుళ్లబెట్టలేదు కానీ 1642లో చనిపోయేదాకా ఇల్లు దాటనివ్వలేదు. చివరి గొప్ప పుస్తకాన్ని ఇటలీలో అచ్చువేయించుకునే వీల్లేక 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో వేయించుకున్నాడు. "జైలు కాదులే, గృహనిర్బంధమే" అని మనవాళ్లు తేలిక చేస్తుంటారు. మీరు అలా అనకండి. డెబ్బై ఏళ్ల ముసలాయన చేత, తను నిజమనుకున్నదాన్ని అబద్ధమని చెప్పించడం చిన్న విషయం కాదు.

ఆ మూడు మాటల్లో మధ్యమాట చూశారా, నేర్పకూడదు అన్నది? నేను ఈ చరిత్ర చదివేకొద్దీ ఆ మాట దగ్గరే ఆగిపోతుంటాను. ఆ తీర్పు వచ్చిన ఇరవై రెండేళ్లకి, అంటే 1655లో, పోపు పాలనలోనే ఉన్న బొలోనా నగరంలో, సాన్ పెట్రోనియో చర్చి లోపల, నేల మీద అరవై మీటర్లకు పైగా పొడవున్న గీత గీయించారు. పైకప్పులో చిన్న రంధ్రం. మధ్యాహ్నం సూర్యబింబం ఆ గీత మీద పడుతుంది. కాసిని అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ బింబం సైజు ఏడాది పొడవునా కొలిచి, గ్రహాల కదలికలకి సూత్రాలు రాసిన కెప్లర్ చెప్పిన లెక్కే సరిపోతోందని చూశాడు. ఈస్టర్ తేదీ సరిగా లెక్కకట్టడానికి చర్చికి ఆ కొలతలు కావాలి, అందుకని డబ్బిచ్చింది, స్థలం ఇచ్చింది. కొలవడానికి అడ్డులేదు. భూమి తిరుగుతోందని బడిలో చెప్పడానికి మాత్రం అనుమతి లేదు. గెలీలియో, కోపర్నికస్‌ల పుస్తకాలు లేని నిషేధ జాబితా మొదటిసారి వచ్చింది 1835లో. పోపు రెండో జాన్ పాల్ ఆ రోజుల్లో చర్చి పండితులు తప్పు చేశారని బహిరంగంగా ఒప్పుకున్నది 1992లో.

నాకు అర్థమైంది ఇది. క్రైస్తవానికి వెతకడంతో పేచీ తక్కువ. ఎవరు నేర్పాలి, ఏం నేర్పాలి అన్న తాళంచెవి చర్చి చేతిలోకి వచ్చినప్పుడే తప్పులు జరిగాయి. తాళంచెవి కేథలిక్కుల దగ్గరున్నా అంతే, మన ప్రొటెస్టెంట్ల దగ్గరున్నా అంతే. మైఖేల్ సెర్వెటస్ అనే వైద్యుడు రక్తం గుండె నుంచి ఊపిరితిత్తుల మీదుగా తిరిగి వస్తుందని రాశాడు. ఆ మాట రాసిన పుస్తకం త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని, కాదన్న మతగ్రంథం. 1553లో జెనీవాలో ఆయన్ని కాల్చి చంపింది సంస్కరణోద్యమం వైపువాళ్లే. చంపింది త్రిత్వం విషయంలోనే, రక్తం విషయంలో కాదు. కానీ పుస్తకంతోపాటు ఆ రక్తప్రసరణ సంగతీ మరుగున పడిపోయింది. ఆ పుస్తకం మూడు ప్రతులే మిగిలాయి. జీవశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఈ ఒక్క సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

దీనికి ఎదురుగా నాకు ఎంతో ఇష్టమైన కథ ఒకటి ఉంది. 1210లో పారిస్‌లో బిషప్పులు సమావేశమై, అరిస్టాటిల్ ప్రకృతి గురించి రాసిన పుస్తకాల మీద పాఠాలు చెబితే వెలి వేస్తామన్నారు. 1229లో కొత్తగా తెరిచిన టూలూజ్ విశ్వవిద్యాలయం, పారిస్‌లో నిషేధించిన ఆ పుస్తకాలు మా దగ్గర చదువుకోవచ్చు రండి అని ఉత్తరాలు పంపింది! అదీ చర్చి వాళ్లు పెట్టిన విశ్వవిద్యాలయమే. 1255 వచ్చేసరికి పారిస్‌లోనే ఆ పుస్తకాలు తప్పనిసరి సిలబస్ అయిపోయాయి. నలభై అయిదేళ్లు పట్టింది. నిషేధించినవాళ్లూ క్రైస్తవులే, పిలిచి నేర్పినవాళ్లూ క్రైస్తవులే. ఎవరైనా "చర్చి సైన్సుని చంపింది" అన్నా, "సైన్సుని కన్నదే చర్చి" అన్నా, ఈ రెండు తేదీలూ వాళ్ల ముందు పెట్టండి.

మనకి దగ్గరి సంగతి చెబుతాను. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో చాలాకాలం ఆంగ్లికన్ సంఘం విశ్వాస ప్రమాణాలకి ఒప్పుకున్నవాళ్లకే పట్టా. జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ యూదుడు. 1837లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో రెండో స్థానంలో వచ్చినా పట్టా ఇవ్వలేదు. చదువు చెప్పే పదవులకి ఆ షరతు తీసేసింది 1871 చట్టం. కానీ మన మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో పుట్టినప్పుడే, పట్టా కోసం ఎవరి మతమూ అడగలేదు. హిందువైనా ముస్లిమైనా క్రైస్తవుడైనా ఒకటే పరీక్ష. మెరీనా ఎదురుగా ఉన్న సెనేట్ హౌస్ ముందు నుంచి బస్సులో వెళ్తున్నప్పుడల్లా నేనిది గుర్తుచేసుకుంటాను.

ఆ విశ్వవిద్యాలయం కిందే ఉన్న మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో, అది తాంబరానికి మారకముందు మద్రాసు ప్యారీస్ కార్నర్ దగ్గర ఉన్న రోజుల్లో, తిరుత్తణి నుంచి వచ్చిన ఒక తెలుగు కుర్రాడు ఫిలాసఫీ చదివాడు. మిషనరీ ఉపాధ్యాయులు హిందూ ధర్మం మీద చేసిన విమర్శలు విని ఆయన నొచ్చుకున్నాడు. ఆ నొప్పితోనే తన సంప్రదాయాన్ని లోతుగా చదవడం మొదలుపెట్టి, 1908లో వేదాంతంలోని నీతి గురించి ఎం.ఏ. థీసిస్ రాశాడు. వేదాంతంలో నీతికి చోటు లేదన్నవాళ్లకి అది జవాబు. ఆయన గురువు ఎ.జి. హాగ్ స్వయంగా మిషనరీ. శిష్యుడు తన నమ్మకానికి ఎదురు రాశాడని మార్కులు కోయలేదు, మెచ్చుకుంటూ ప్రశంసాపత్రం ఇచ్చాడు. ఆ కుర్రాడే సర్వేపల్లి రాధాకృష్ణన్. ఉపాధ్యాయ దినోత్సవం మనం ఆయన పుట్టినరోజునే చేసుకుంటాం. క్రైస్తవ విద్యాసంస్థ ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నేను హాగ్ గారి పేరే చెబుతాను. మీ కరస్పాండెంట్ గారికీ ఆ కథ చెప్పండి. ఆయనకి ఇష్టంగానే ఉంటుంది.

ఇక పరిణామం. మీ పాఠ్యపుస్తకంలో దీనికి ముందు పాఠం అనువంశికత. దాన్ని ఏ ఇబ్బందీ లేకుండా చెప్పేసి ఉంటారు. అందులోని మెండెల్ బ్రనో పట్టణంలో అగస్టీనియన్ మఠంలో సన్యాసి. 1856 నుంచి 1863 దాకా మఠం తోటలో బఠానీ మొక్కలు పెంచి, దాదాపు ఇరవై ఎనిమిది వేల మొక్కల్ని పరిశీలించాడు. పరిణామ సిద్ధాంతం ఇచ్చిన డార్విన్‌కి అంతుపట్టనిది, లక్షణాలు తల్లిదండ్రుల నుంచి బిడ్డలకి ఎలా చేరతాయన్నది, దానికి జవాబు ఆ తోటలో దొరికింది. రెండు పాఠాలూ కలిస్తేనే నేటి జీవశాస్త్రం. ఒకటి చెప్పి రెండోది దాటేస్తే మెండెల్ పాఠం కూడా సగమే చెప్పినట్టు.

పరిణామాన్ని ఒప్పుకునేవాడు విశ్వాసి కాడన్న మాట అంత పాతదేమీ కాదు. 1910 నుంచి 1915 మధ్య అమెరికాలో 'ది ఫండమెంటల్స్' అని వ్యాసాల సంపుటాలు వచ్చాయి, ఫండమెంటలిస్టు అన్న మాట వాటి నుంచే పుట్టింది. అందులో రాసిన జేమ్స్ ఓర్ భూమికి కోట్ల ఏళ్ల వయసుందన్న సంగతికి అభ్యంతరం చెప్పలేదు, దేవుడు నడిపించే పరిణామాన్నీ తోసిపుచ్చలేదు. కేథలిక్కుల్లో పోపు రెండో జాన్ పాల్ 1996లో పరిణామం ఊహ స్థాయిని దాటిందని అన్నారు. ఆరువేల ఏళ్ల భూమి అన్న పట్టు మన చర్చిల్లోకి ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు అమెరికా పుస్తకాల నుంచి, తర్వాత వీడియోల నుంచి వచ్చింది. మన తాతల నాటి గుంటూరు లూథరన్ అయ్యగార్లలో ఈ గొడవ నేను చూడలేదు.

అమెరికాలో ఈ గొడవకి బలైనవాళ్లలో భక్తులూ ఉన్నారని చాలామందికి తెలియదు. సౌత్ కరోలినాలో పాస్టర్లని తయారుచేసే ప్రెస్బిటేరియన్ సెమినరీలో జేమ్స్ వుడ్రో అనే ప్రొఫెసరు ఉండేవాడు, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్‌కి మేనమామ. ఆదాము శరీరం పరిణామం ద్వారా వచ్చి ఉండవచ్చు, అది వాక్యానికి విరుద్ధం కాదు అన్నందుకు 1886లో ఉద్యోగం తీసేశారు. 1925లో టెనెసీ రాష్ట్రంలో జాన్ స్కోప్స్ అనే మీలాంటి కుర్ర టీచరుకి పరిణామం నేర్పినందుకు వంద డాలర్ల జరిమానా వేశారు. ఆ చట్టం 1967 దాకా ఉంది. 2004లో పెన్సిల్వేనియాలో డోవర్ అనే ఊళ్లో, సృష్టికర్త వాదాన్ని సైన్సు పేరుతో బడిలోకి తేవద్దని పదకొండు మంది తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. వాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లున్నారు. పరిణామం పక్షాన సాక్ష్యం చెప్పిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ కేథలిక్. 2005లో తీర్పు తల్లిదండ్రుల వైపే వచ్చింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది ఎవరికీ ఎక్కువగా చెప్పలేదు.

నేను మొదట చేరిన స్కూలు కూడా ఒక మిషన్ వాళ్లదే. హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషి, పేదపిల్లల ఫీజు తన జీతంలోంచి కట్టిన మనిషి. పరిణామం పాఠం వచ్చినప్పుడు "అది పిల్లల్ని ఇంట్లో చదువుకోమను అమ్మా, మనకెందుకు గొడవ" అన్నారు. ఉద్యోగం కొత్త, ఇంట్లో చంటిబిడ్డ. సరేనన్నాను. రెండేళ్లు అలాగే దాటేశాను. చాలా ఏళ్ల తర్వాత సెంట్రల్ స్టేషన్‌లో విజయవాడ రైలు కోసం నిలబడి ఉంటే ఒక అమ్మాయి వచ్చి కాళ్లకి దండం పెట్టింది. నా దగ్గర చదివి డాక్టరయింది. మాటల్లో అంది, "మేడం, మీరు ఆ పాఠం చెప్పలేదు గుర్తుందా? మెడిసిన్‌లో చేరాక అంతా దాని మీదే నిలబడి ఉందని తెలిసింది. దీన్ని దాచారంటే చర్చిలో ఇంకేం దాచారో అనిపించింది. అప్పటి నుంచి వెళ్లడం మానేశాను." కోపంగా అనలేదు. వాళ్ల అమ్మానాన్నల గురించి, పిల్లల గురించి మామూలుగానే మాట్లాడింది. నాకు మాత్రం ఆ రాత్రి రైల్లో నిద్ర పట్టలేదు. ఆ పిల్లకి విశ్వాసం పోకుండా కాపాడుతున్నానని నేను అనుకున్నాను. పోయేలా చేసింది నేనే.

ఇది మీ పాస్టరు గారితో కూడా చెప్పొచ్చు. ఆయనకి నా మాట వద్దనుకుంటే అగస్టీన్ మాట చెప్పండి. 1600 ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న ఆయన ఆదికాండము మీద వ్యాఖ్యానం రాస్తూ ఒక సంగతి హెచ్చరించాడు: భూమి గురించి, ఆకాశం గురించి, నక్షత్రాల గురించి అన్యులకి బాగా తెలిసిన విషయాల్లో క్రైస్తవుడు వాక్యం పేరు చెప్పి తెలివితక్కువగా మాట్లాడితే, వాళ్లు మన గ్రంథాన్నే నవ్వులపాలు చేస్తారు, పునరుత్థానం గురించి అందులో ఉన్నదాన్ని ఇక నమ్మరు. డార్విన్‌కి పద్నాలుగు వందల ఏళ్ల ముందు మాట అది. వాదానికి దిగకండి. దిగితే ఆదివారం మీ పేరే ప్రసంగంలోకి వస్తుంది. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, గౌరవంగా, ఒక్కసారి చెప్పి ఊరుకోండి.

కరస్పాండెంట్ గారి దగ్గర మాత్రం సూటిగా ఉండండి. రాజ్యాంగం 30వ అధికరణం మనలాంటి అల్పసంఖ్యాకులకి బడులు పెట్టి నడుపుకునే హక్కు ఇచ్చింది, అది విలువైన హక్కు. కానీ గుర్తింపు పొందిన బడిలో పబ్లిక్ పరీక్షకి కూర్చునే పిల్లకి సిలబస్‌లో ఉన్న పాఠం అందాలి. నడుపుకునే హక్కంటే చెడగొట్టే హక్కు కాదని కోర్టులు ఎప్పుడో చెప్పాయి. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం 51ఏ అధికరణం ప్రకారం పౌరుల విధి కూడా. ఈ చట్టాలు ముందే బల్ల మీద పెట్టొద్దు. "సార్, ఈ పాఠం నుంచి కూడా ప్రశ్నలొస్తాయి, పిల్లలకి మార్కులు పోతాయి, మూడు పీరియడ్లు ఇవ్వండి" అని అడగండి. నా అనుభవంలో పది మందిలో ఎనిమిది మంది అక్కడికే ఒప్పుకుంటారు.

క్లాసులో ఇంకో జాగ్రత్త. కొందరు టీచర్లు ఈ పాఠం చెబుతూ పిల్లల దేవుణ్ణి ఎగతాళి చేస్తారు. అదీ నేర్పే స్వేచ్ఛని తప్పుగా వాడుకోవడమే. మరోవైపు, సైన్సుతో దేవుణ్ణి రుజువు చేయబోవడమూ వద్దు. జార్జ్ లెమైత్ర్ బెల్జియం దేశపు ప్రీస్టు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే సమీకరణాలతో చెప్పాడు, దానికి ఒక తొలి క్షణం ఉండాలని 1931లో అన్నాడు. 1951లో పోపు పన్నెండో పయస్ ఆ సిద్ధాంతం సృష్టిని రుజువు చేస్తోందన్నట్టు మాట్లాడితే, లెమైత్ర్‌కి అది నచ్చలేదు. ఆయన దృష్టిలో తన సిద్ధాంతం మతం ప్రశ్నలకి బయట నిలబడేది. పూజ పూజే, లెక్క లెక్కే, రెండూ తనవే అని బతికాడు. ఎవరైనా పిల్లవాడు "సార్, మీరు నమ్ముతారా" అని అడిగితే దాచకండి. నేను విశ్వాసిని, ఈ పాఠం కూడా నిజమనుకుంటున్నాను అని చెప్పండి. అడగనివాళ్లకి చెప్పనక్కర్లేదు.

ఆ గెలీలియో కుర్రాడికి ఒక పని ఇవ్వండి. 1616లో, 1633లో, 1992లో ఏం జరిగిందో చదివొచ్చి క్లాసుకి పది నిమిషాలు చెప్పమనండి. అలాంటి పిల్లాడికి అంతకంటే గౌరవం లేదు.

పాఠం మొదలుపెట్టే రోజు ఒక కోడి రెక్క తీసుకెళ్లండి. ముందు రాత్రి బాగా ఉడకబెట్టి మాంసం తీసేసి, ఎముకల్ని ఉప్పునీళ్లలో కడిగి ఆరబెట్టండి. భుజం దగ్గర ఒకటే పెద్ద ఎముక, దాని కింద రెండు, చివర వేళ్ల ఆనవాళ్లు. నోటితో ఏమీ చెప్పకుండా బెంచీల మీదుగా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పంపండి. మూడో బెంచీ దాటకముందే పిల్లలు తమ మోచేతులు తడుముకోవడం మొదలుపెడతారు.